ఇంట్లో స్పీకర్లకి ఎన్ని వాట్స్ యాంప్ కావాలి? లెక్క ఇలా వేసుకోండి

యాంప్ (స్పీకర్లకి పవర్ ఇచ్చే యాంప్లిఫైయర్) కొనే ముందు అందరూ అడిగేది ఒకటే, ఎన్ని వాట్స్ అని. నేనూ అంతే, ఒకప్పుడు డబ్బా మీద 5000 వాట్స్ పీఎంపీవో (క్షణం పాటు వచ్చే పీక్ పవర్ అని చెప్పుకునే నంబర్) అని చూసి ఎగబడి కొన్నా, ఇంటికొచ్చి వెనక స్టిక్కర్ చూస్తే అది కరెంట్ తీసుకునేదే 60 వాట్స్, 60 తాగి 5000 ఎలా కక్కుతుందండీ! పీఎంపీవో అని కనిపిస్తే వదిలేయండి. ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే అసలు పవర్) ఎంత, ఎన్ని ఓమ్స్‌కి (అంటే స్పీకర్ రెసిస్టెన్స్‌కి), ఎంత డిస్టార్షన్ (సౌండ్ చెడిపోవడం) దగ్గర, ఇవే చూడాలి. 10 శాతం డిస్టార్షన్ దగ్గర ఇచ్చిన నంబర్ అంటే అప్పటికే సౌండ్ పగిలిపోతున్నట్టే.

అసలు ముందు చూడాల్సింది స్పీకర్ సెన్సిటివిటీ. 87 డీబీ (డెసిబెల్, సౌండ్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) అని రాశారంటే 1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో అంత వినిపిస్తుందని (8 ఓమ్స్ స్పీకర్ అయితే). పవర్ డబుల్ చేస్తే పెరిగేది 3 డీబీనే, చెవికి రెట్టింపు సౌండ్ అనిపించాలంటే 10 డీబీ పెరగాలి, అంటే 10 రెట్లు పవర్. అందుకే 50 వాట్స్‌ది తీసేసి 100ది పెట్టడం నన్నడిగితే దండగ.

హాల్లో సోఫా 3 మీటర్ల దూరంలో ఉందనుకోండి, దూరానికి ఓ 9 డీబీ పోతుంది, గోడల వల్ల నిజానికి ఇంకా తక్కువే పోతుంది, రెండు స్పీకర్లు కాబట్టి 3 తిరిగొస్తుంది, మొత్తానికి ఆ 87 డీబీ స్పీకర్‌కి 1 వాట్‌తో 81 డీబీ. మామూలుగా 75 డీబీ దగ్గర వింటాం, అంటే ఒక్క వాట్ కూడా అక్కర్లేదు! కానీ డప్పు దెబ్బ పడిన ఆ క్షణం 20 డీబీ పైకి లేస్తుంది చూడండి, దాంతోనే తంటా. 95 రావాలంటే ఇంకో 14 డీబీ, అంటే ఒక్కో ఛానెల్‌కి 25 వాట్స్. గట్టిగా వినేవాళ్ళు 50 పెట్టుకోండి. అదే 92 డీబీ స్పీకర్ అయితే 8 వాట్స్‌తో పనైపోతుంది.

పవర్ సరిపోని యాంప్‌ని ఫుల్‌గా తిప్పితే క్లిప్ అయ్యి (సౌండ్ అల పైభాగం తెగిపోయి) ముందు ట్వీటర్లే (సన్న సౌండ్ ఇచ్చే చిన్న స్పీకర్లు) పోతాయి, పెద్ద యాంప్‌ని తగ్గించి వాడుకోవడమే సేఫ్. 4 ఓమ్స్ స్పీకర్లు అయితే యాంప్ దానికి పనికొస్తుందో లేదో వెనక చూడండి, లేదంటే వేడెక్కి ఆగిపోతుంది.

ఇంకోటి, ఆన్‌లైన్‌లో 300 వాట్స్ అని అమ్మే చిన్న క్లాస్ డీ యాంప్‌లు (కరెంట్ తక్కువ వృథా చేసే రకం). వాటితో 24 వోల్ట్స్ అడాప్టర్ ఇస్తే 8 ఓమ్స్‌కి పగలకుండా వచ్చేది మహా అయితే 36 వాట్స్. ఇంట్లోకి అది కూడా బాగానే సరిపోతుంది, 300కి డబ్బులు కట్టకండి అంతే.