చెంచుల డీఎన్‌ఏ మీద పోస్టు వచ్చిందా? ఇలా చదవండి

మాది మార్కాపురం. పనిచేసేది బెంగళూరు యశ్వంతపురలో, జన్యు డేటా చూసే ల్యాబులో. నల్లమల పక్క ఊరిదాన్ని కదా, చెంచుల మీద వాట్సాప్‌లో ఏం తిరిగినా మా ఫ్యామిలీ గ్రూపులో నన్నే ట్యాగ్ చేస్తారు. "అక్కా, వీళ్లే మొదటి మనుషులంట, నిజమేనా?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను.

ముందు శాతాల సంగతి. "ఫలానా వంశం 40 శాతం" అని ఉంటే, దేనితో పోల్చి అన్నారో వెతకండి. కొట్లో ఏ తూకం రాళ్లుంటే వాటితోనే కదా తూచేది. 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 25 సమూహాల నుంచి 132 మందిని పరిశీలించి, మనలో ఎక్కువమంది రెండు ప్రాచీన జనాభాల కలయిక అన్నారు. పాత ఎముకల నుంచి తీసిన డీఎన్‌ఏ చేతికొచ్చాక, ఆ రెండు జనాభాలూ మళ్లీ మిశ్రమాలేనని 2019లో తేల్చారు. అందుకే పోస్టులో చెప్పిన పరిశోధన ఏ సంవత్సరానిదో చూసుకోండి.

ఇక ఇలాంటి పోస్టుల్లో కనిపించే చుక్కల బొమ్మ. ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలు కూడా దీని దగ్గరే తడబడతారు. ఒక్కో చుక్క ఒక్కో మనిషి, జన్యువులు ఎంత కలిస్తే చుక్కలు అంత దగ్గరగా పడతాయి. యూరప్, చైనా వాళ్లతో కలిపి గీస్తే మనవాళ్ల చుక్కలు చాలావరకు ఏటవాలు గీతలా సాగుతాయి. అండమాన్ దీవుల ఓంగే తెగవాళ్లను కూడా చేర్చి గీశారనుకోండి, వాళ్ల చుక్కలు ఓ మూలకు పోయి కుప్పగా పడతాయి. "అంత దూరంగా ఉన్నారంటే అంత పాతవాళ్లు" అని క్యాప్షన్ తయారు. అది తప్పు. ఓంగేలు ఇవాళ వంద పైచిలుకే. కొద్దిమంది జనం తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటే కొన్ని జన్యు తేడాలు ఏ కారణమూ లేకుండానే మాయమవుతాయి, కొన్ని అందరిలోకీ పాకుతాయి. దీన్నే జెనెటిక్ డ్రిఫ్ట్ అంటాం. చుక్కల్ని అంత దూరం నెట్టేది ఎక్కువగా ఇదే. వంశం వయసంటారా, మీదీ నాదీ ఓంగేలదీ ఒకటే.

ఇది అడవి జనాల గొడవే అనుకోకండి. 2017లో 260కి పైగా దక్షిణాసియా సమూహాలను చూస్తే, 81 సమూహాల్లో కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగిన ఈ ఇరుకు, అందుకు పేరుపడ్డ ఫిన్లాండ్ వాళ్లకన్నా, అష్కెనాజీ (యూరప్) యూదులకన్నా ఎక్కువగా కనిపించింది. మన వైశ్యులే ఉదాహరణ. అలా పాకిన ఒక జన్యు తేడా వల్ల వాళ్లలో కొందరికి, ఆపరేషన్లో కండరాలు సడలించడానికి మత్తు డాక్టర్లు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఒంట్లో త్వరగా విరగదు, కండరాలు చాలాసేపు కదలవు. ఆ ఇళ్లలో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే ఈ మాట ముందే డాక్టరు చెవిన వేయండి.

ఒక్క జన్యువును పట్టుకుని పుట్టుక చెప్పే పోస్టుల్ని నేనైతే చదవను. నీలగిరి గిరిజనుల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జన్యు లోపం) 1952లోనే బయటపడింది. ఆ జన్యువు ఒక కాపీ ఉన్నవాళ్లకు మలేరియా నుంచి రక్షణ. అది ఎక్కువగా ఉందంటే అక్కడ మలేరియా ఉండేదని అర్థం, అంతే.

చివరిగా, రక్తం ఎవరిచ్చారు, దేనికని చెప్పి తీసుకున్నారు? అమెరికాలో హవసుపాయ్ తెగ 1990ల్లో షుగర్ వ్యాధి పరిశోధనకని రక్తమిచ్చింది. దాన్ని వాళ్లకు చెప్పకుండా మానసిక వ్యాధుల మీద, వలసల మీద పరిశోధనలకూ వాడారు. 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ 7 లక్షల డాలర్లిచ్చి రాజీపడింది, మిగిలిన నమూనాలు తిరిగిచ్చేసింది. అసలు పేపరు తెరిస్తే 'మెథడ్స్' భాగంలో అనుమతి గురించి రెండు వాక్యాలైనా ఉంటాయి, ఎంతమంది నమూనాలో కూడా అక్కడే ఉంటుంది.