చలికాలం తర్వాత బండి శుభ్రం, ఐదో పాఠం: కడిగాక ఆరబెట్టడం

పోయిన పాఠం చదివి మోటార్ సైకిల్ కడిగినవాళ్ల నుంచి వారం రోజులుగా ఫోన్లు వస్తున్నాయి. చండూరు తమ్మునికి ట్యాంకు మీద తెల్లమచ్చలు పడ్డాయి. హాలియా అక్కకు తెల్లారి వెనుక బ్రేకు కీచుమన్నది. కల్వకుర్తిలో డిగ్రీ చదివే పిల్లగాని బండి పొద్దుగాల స్టార్టే కాలేదు, పరీక్షకు ఆటోలో పోయాడు. మునుగోడు పెద్దాయన బండి చైను రాత్రికి రాత్రే ఎర్రబడ్డది. నలుగురూ నేను చెప్పినట్టే కడిగారు. పొరపాటు నాది. కడగడం గురించి అంత పొడుగు రాసి, చివర్లో "తుడిచి ఆరనివ్వండి" అని రెండు మాటలతో వదిలేశాను. ఈ రోజు చైను బిగింపు చెప్పాల్సి ఉండె. దాన్ని వచ్చే పాఠానికి జరిపి, ముందు ఆ రెండు మాటలనే విప్పుతాను.

మచ్చల సంగతి. "అన్నా, మన ఫ్లోరైడ్ నీళ్ల వల్లనేనా?" అని తమ్ముడు అడిగాడు. నల్గొండలో పుట్టినవాళ్లకు నీళ్లతో ఏ తేడా వచ్చినా ముందు ఆ అనుమానమే వస్తది, మనుషుల ఎముకలు వంగడం కళ్లతో చూసినం కాబట్టి. కానీ ఈ మచ్చలు ఫ్లోరైడ్‌వి కావు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అది దాటిన ఊళ్లలో కూడా ఉండేది కొద్ది మిల్లీగ్రాములే. మచ్చ కట్టేవి కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్లు కాగబెట్టే గిన్నె అడుగున తెల్లగా పెంకు కట్టేది కూడా అవే. తమ్ముడు మిట్టమధ్యాహ్నం ఎండలో కడిగాడు. గుడ్డ అందుకునేలోపే నీళ్లు ఆవిరై లవణం ట్యాంకు మీదే ఉండిపోయింది. నీడలో కడగండి, ఒక్కో భాగం కడగంగనే తుడవండి, మొత్తం అయ్యేదాకా ఆగకండి. మా ఇంట్లో సబ్బు కడిగేదాకా బోరు నీళ్లు, ఆఖరి రెండు చెంబులు మిషన్ భగీరథ (సర్కారు ఇంటింటికీ ఇచ్చే శుద్ధి చేసిన నీళ్లు) నల్లా నీళ్లు వాడతాను. మచ్చ బాగా తగ్గింది. ఇప్పటికే పడ్డ మచ్చలకు వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి గుడ్డతో అద్ది, రెండు నిమిషాల్లో కడిగేయండి. రంగు మీద మాత్రమే. ఒకాయన అల్లాయ్ చక్రాలను చింతపండుతో రుద్దాడట. చింతపండు రాగిచెంబుకు మంచిది. అల్యూమినియం మీద ఆ పులుపు ఉంచితే మెరుపు పోయి మసకబారుతుంది, తర్వాత రుద్దితే అంత తేలిగ్గా రాదు.

అక్క బండి బ్రేకు పాడవలేదు. వెనుక చక్రం మధ్యలో బ్రేకు ఉండే డ్రమ్ము లోపలికి పోయిన నీళ్లు రాత్రంతా అక్కడే ఉంటే ఇనుము మీద పల్చగా తుప్పు పొర వస్తుంది, బ్రేకు వేయంగనే అది కీచుమంటుంది. నాలుగుసార్లు వేస్తే పోతుంది. కడిగిన వెంటనే వాడకట్టు చుట్టూ ఒక కిలోమీటరు నెమ్మదిగా తిప్పి, బ్రేకును మెల్లగా పట్టి వదులుతూ ఉంటే ఆ వేడికే లోపల ఆరుతుంది. మొదటి రెండు మూడుసార్లు బ్రేకు సరిగా పట్టదు, కాబట్టి ఖాళీ రోడ్డు మీదే తిప్పండి. రెండు రోజులైనా చప్పుడు పోకపోతే డ్రమ్ము విప్పించి దుబ్బ తీయించాలి. చప్పుడు ఆపుదామని అందులో నూనె చుక్క వేయొద్దు.

పిల్లగాని బండి సంగతి కొంచెం వేరు. ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్గు చుట్టూ గుంత ఉంటుంది. చాలా ఇంజన్లలో ఆ గుంత నీళ్లు బయటికి పోవడానికి పక్కన చిన్న రంధ్రం ఉంటుంది. చలికాలంలో మన రోడ్ల మీద యాసంగి నాట్లకు కరిగట్టు చేసిన ట్రాక్టర్ల బురద, ఆరబోసిన వడ్ల తాలు, పొద్దుటి మంచుకు తడిసిన దుబ్బ కలిసి ఆ రంధ్రాన్ని మూసేస్తాయి. నీళ్లు గుంతలో నిలిచి ప్లగ్గు క్యాపులోకి ఎక్కుతాయి. సన్న తీగతో రంధ్రం తెరవండి. క్యాపు పీకి లోపల పొడిగుడ్డతో తుడవండి. ఇంజన్ చల్లబడ్డాకే ఈ పని.

చైను ఎర్రబడటానికి కారణం ఒక్కటే: సబ్బునీళ్లు పాత నూనెను కడిగేశాయి, కొత్తది పడలేదు. ఆరినంక కింది వరుసకు లోపలి వైపు నుంచి 90 నంబరు గేర్ ఆయిల్ (గేరు పెట్టెల్లో పోసే చిక్కటి నూనె) చుక్కలు చుక్కలుగా వేసి, రాత్రంతా ఉంచి, తెల్లారి పైన మిగిలింది తుడవాలి. స్ప్రే డబ్బాలు మంచివే, నాకు మాత్రం 90 ఆయిలే ఇష్టం, ఒక సీసా ఏడాది వస్తది. చక్రాన్ని చేత్తో తిప్పండి. ఇంజన్ నడిపి, గేరులో పెట్టి, చైనుకు గుడ్డ పట్టుకోవద్దు. గుడ్డతోపాటు వేళ్లు చైను తిరిగే పళ్లచక్రం, అంటే స్ప్రాకెట్‌లోకి పోతాయి.

ఇప్పుడు డీజిల్. ఇది రాయకుండా ఈ పాఠం ముగించలేను, ఎందుకంటే నలుగురిలో ఇద్దరు ఈ తిప్పలు పడ్డాక "ఇంట్లో ఎందుకు, వాటర్ సర్వీసింగ్‌లో ఇచ్చి డీజిల్ కొట్టిద్దాం" అన్నారు. కడిగినంక బండి కింద అంతా డీజిల్ చల్లుతారు. నల్లగా నిగనిగలాడుతుంది, తుప్పు పట్టదని నమ్మకం. ఆ మెరుపు రెండు రోజులు. డీజిల్ త్వరగా ఎండదు, జిడ్డుగా నిలుస్తుంది. పత్తి బండ్లు తిరిగే కాలంలో ఆ జిడ్డుకు దూది, దుబ్బ, తాలు అన్నీ అంటుకుని ఉగాది నాటికి ఇంజన్ రెక్కల మధ్య గట్టి పెచ్చు కడతాయి. గాలి తగలక ఇంజన్ ఎక్కువ వేడెక్కుతుంది. రబ్బరుకు డీజిల్ పడదు: షాకప్ బుష్షులు, ఫుట్‌రెస్టు రబ్బర్లు ఉబ్బి మెత్తబడతాయి. చైను మీద పడితే లోపలి చిక్కటి నూనెను పల్చబరిచి కార్చేస్తుంది.

వీటన్నిటికంటే పెద్ద భయం బ్రేకు, టైరు. చల్లేవాడు ఎంత జాగ్రత్తపడ్డా తుంపర డిస్కు మీదికి, టైరు మీదికి పోతుంది. డిస్కును పట్టే ప్యాడ్లు నూనె పీల్చుకుంటే ఉప్పుకాగితంతో రుద్దినా నమ్మలేం, మార్చాల్సిందే. పదేళ్ల కింద నేనూ అట్లనే కొట్టించుకుని నల్గొండ నుంచి దేవరకొండ పోతున్నాను. కొండమల్లేపల్లి దగ్గర బర్లమంద రోడ్డెక్కింది. వెనుక బ్రేకు అడుగుదాకా తొక్కినా పట్టలేదు, ముందు బ్రేకు గట్టిగా పట్టి పడిపోయాను. మోకాలి చిప్ప ఇప్పటికీ చలికి సలుపుతుంది. అందుకే నా దగ్గర నేర్చుకునేవాళ్లకు మొదటి రోజే చెబుతాను, డీజిల్ ఉన్నది లారీ, ట్రాక్టర్ ట్యాంకుల్లో పోయడానికి, బండి మీద చల్లడానికి కాదని. తుప్పు భయం ఉంటే గుడ్డకు రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ అద్ది సైడ్ స్టాండ్ కీలు, మెయిన్ స్టాండ్ స్ప్రింగు, గేర్ రాడ్ కీళ్లు తుడవండి. అంతే చాలు. ఇప్పటికే కొట్టించుకున్నవాళ్లు సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి, డిస్కును బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, బ్రేకు పట్టేదీ లేనిదీ చూసుకున్నాకే రోడ్డెక్కండి.

అభ్యాసం. ఈ ఆదివారం సూర్యుడు పడమర వాలాక, బకెట్‌న్నర నీళ్లతోనే మొత్తం బండి కడగండి. తుడిచి, ఒక కిలోమీటరు తిప్పి, మెయిన్ స్టాండ్ వేసి కింద పాత న్యూస్ పేపర్లు పరవండి. రాత్రి టార్చి పట్టుకుని నీళ్లు ఇంకా ఎక్కడెక్కడ నిలిచాయో వెతకండి: సీటు కింద, తాళం రంధ్రం, స్విచ్చులు, ఫుట్‌రెస్టు మడత, సైలెన్సర్ కొస, ఊచల చక్రమైతే ప్రతి ఊచ మొదలు. కనీసం పది చోట్లు దొరకాలి, దొరికేదాకా పడుకోవద్దు. పొద్దుగాల లేచి పేపర్ చూడండి. నీటి మరక ఆరిపోయి గరుకుగా ఉంటుంది. నూనె మరక వెలుగుకు పట్టుకుంటే పారదర్శకంగా కనిపిస్తుంది. ప్రతి నూనె మరక పక్కన అది బండిలో ఏ భాగం కింద పడిందో పెన్నుతో రాయండి. ఆ పేపర్ పారేయకండి. వచ్చే పాఠంలో చైను ముట్టుకునే ముందు దాన్నే ముందర పెట్టుకుంటాం.