దీపావళి మూకుడు ఎక్కించే ముందు

చెన్నైలో దీపావళి ఈశాన్య రుతుపవనాల రోజుల్లో వస్తుంది. కిటికీలోంచి జల్లు కొడుతుంది, పిండి చెమ్మగిల్లుతుంది, వంటింట్లో గచ్చు ఆరదు. సరిగ్గా ఆ వారమే మనం నూనె కాచి జంతికలకీ బూందీకీ కూర్చుంటాం. పక్కింటివాళ్ల అధిరసాలు, అంటే తమిళుల అరిసెలు, చూసి మనమూ అరిసెలు మొదలుపెడతాం. ఊళ్లో సంక్రాంతికి మాత్రమే వండుకునేవి ఇక్కడ ఏడాదికి రెండుసార్లయ్యాయి, నూనె ఖర్చూ అలాగే పెరిగింది.

కొనేటప్పుడు ధర కన్నా ముందు గ్రాములు చూడండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. చూడ్డానికి అదే సైజులో ఉండే కొన్ని ప్యాకెట్లలో అంత ఉండదు. 910 గ్రాములది 150 రూపాయలు, 800 గ్రాములది 140 రూపాయలు అనుకోండి, చవగ్గా కనిపించే రెండోదే ప్రియం. రేషన్ కార్డుంటే ఇక్కడి షాపుల్లో లీటరు పామాయిల్ 25 రూపాయలకే ఇస్తారు. అది వేడికి బాగా తట్టుకుంటుంది, పండగ వంటకి చాలు. రోజూ కూరల్లోకి మాత్రం నేను వాడను. గానుగ నూనె పోపుకీ పచ్చళ్లకీ దాచుకోండి. మూకుడులో పోస్తే తొందరగా పొగలొస్తుంది, అంత డబ్బు పెట్టి కొన్నదీ దండగవుతుంది.

ఆదా అంతా ఏది ముందు వేయించాలన్న దాంట్లో ఉంది. మొదట జంతికలు, తర్వాత బూందీ, అన్నిటికన్నా చివర అరిసెలు. బెల్లం మాడితే నూనె నల్లబడుతుంది. పోయినేడు మంచిరోజని ముందు అరిసెలు వేశాను. ఆ తర్వాత వేసిన ప్రతి వాయికీ ఆ రంగే, ఆ వాసనే. చివరికి కొత్త ప్యాకెట్ విప్పక తప్పలేదు. ప్రతి వాయి తర్వాతా చిల్లుల గరిటెతో పలుకులు తీసేయండి, నూనెని తొందరగా చెడగొట్టేవి అవే. వెడల్పాటి బాండీ కన్నా లోతైన చిన్న మూకుడుకి తక్కువ నూనె పడుతుంది. చిటికెడు పిండి వేస్తే అడుక్కి వెళ్లి వెంటనే తేలాలి. అంతకుముందే తొందరపడితే పిండి నూనె తాగేస్తుంది. అరిసెల్ని వేడి మీదే చెక్కల మధ్య నొక్కి, కారే నూనెకి కింద గిన్నె పెట్టండి. పోసేముందు గ్లాసుతో కొలిచి, చల్లారాక మళ్లీ కొలిస్తే మీ పిండివంటలు ఎంత తాగాయో తెలుస్తుంది. వచ్చే ఏడు ఎంత కొనాలో ఆ లెక్క చెబుతుంది.

ఇక ప్రమాదాల సంగతి. మూకుడులో సగానికి మించి నూనె పోయొద్దు. జంతికల గొట్టం, గరిటె, చేతులు పొడిగా తుడుచుకోండి. సగ్గుబియ్యం వడలు పేలతాయి, వాటిని వానాకాలం పిల్లలున్న ఇంట్లో మానేస్తేనే మేలు. పట్టుచీరో, సింథటిక్ చున్నీయో కట్టుకుని పొయ్యి దగ్గరికి రావొద్దు. పొగ మొదలైతే మంట తగ్గించండి. నూనె అంటుకుంటే నీళ్లు అసలు పోయకండి, మూకుడు కదపకండి. గ్యాస్ కట్టేసి, సరిపడే మూత మూసి, చల్లారేదాకా తీయకుండా ఉండండి. అదుపు తప్పితే అందరినీ బయటికి పంపి 101కి ఫోన్ చేయండి. చేయి కాలితే వెంటనే గాజులు, ఉంగరాలు తీసి 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచాలి. టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏవీ రాయొద్దు. బొబ్బలు పెద్దగా వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మిగిలిన నూనె పూర్తిగా చల్లారాక వడకట్టి స్టీలు డబ్బాలో పోయండి. ఒకటి రెండు రోజుల్లో కూరల్లోకి వాడేయాలి. కొత్త నూనెలో కలిపితే కొత్తదీ పాడవుతుంది. నురుగొచ్చినా, చిక్కబడినా, కాచగానే పొగలొచ్చినా పారేయాల్సిందే. దీపాలకి వాడదామంటే మా అత్తయ్య ఒప్పుకోరు, ఎంగిలి నూనె దేవుడికా అంటారు.

సింకులో మాత్రం పారబోయకండి, గడ్డకట్టి గొట్టాలు పూడుకుపోతాయి. వానకి కాలువలు పొంగే రోజుల్లో ఆ నీళ్లు మళ్లీ మన వంటింట్లోకే వస్తాయి. పాత సీసాలో నింపండి. ఇంటికొచ్చి వాడిన నూనె కొంటామనే వాళ్లందరికీ ఇవ్వొద్దు, అది మళ్లీ ఏ బజ్జీల బండికో చేరొచ్చు. వాడిన నూనెని బయోడీజిల్‌కి మళ్లించడానికి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో రూకో అనే కార్యక్రమం పెట్టింది, ఆ కింద సేకరించేవాళ్లకి ఇవ్వండి. ఒక్క ఇంటి నుంచి అరలీటరు కోసం వాళ్లు రారు కాబట్టి, పండగ ముందే అపార్ట్‌మెంట్ వాళ్లంతా మాట్లాడుకుని కింద ఒక క్యాన్ పెట్టించండి.