ఇన్సులిన్ వేసుకుంటున్నా షుగర్ కుదురుగా ఉండటం లేదా? డోసు పెంచే ముందు ఇవి చూడండి

ఇన్సులిన్ వేళకే పడుతోంది, తిండిలో పెద్ద తేడా లేదు, అయినా షుగర్ ఒకరోజు 280, మర్నాడు 65. ఇలాంటప్పుడు మామూలుగా జరిగేది డాక్టరు చీటీలో డోసు రెండు యూనిట్లు పెరగడం, నెల తిరిగాక మరో రెండు పెరగడం. లోపం మందులో కాక వేసే తీరులో ఉంటే ఎంత పెంచినా ఊగిసలాట ఆగదు. పైగా ఏదో ఒకరోజు వేసినదంతా సరిగ్గా ఒంటబడితే షుగర్ అమాంతం పడిపోతుంది. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళేలోపు ఇంట్లోనే కొన్ని చూసుకోవాలి.

కొత్త సీసా లేదా కొత్త సిరంజి మొదలుపెట్టినప్పటి నుంచీ షుగర్ తలకిందులైంది

ముందు దీన్నే చూడండి, ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. మన మందుల షాపుల్లో ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి: మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. సిరంజిలూ అలాగే రెండు రకాలు. ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. చూడ్డానికి రెండూ ఒకేలా సన్నగా ఉంటాయి, అక్కడే పొరపాటు పడతారు.

డోసు 20 యూనిట్లు అనుకుందాం. 40 సీసాలోని మందును నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది 8 యూనిట్లే. షుగర్ దిగదు. అదే 100 సీసాలోని మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఏకంగా 50 యూనిట్లు, అంటే రెండున్నర రెట్లు. మనిషి కోమాలోకి వెళ్ళిపోయే డోసు అది.

సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడాలి. షాపులో "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అని ఊరుకోకుండా సీసా అట్టపెట్టె చూపించి అడగండి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే పెద్దవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడ మనుషులకిచ్చే ఇన్సులిన్‌లో 40 బలం ఉండదు. కుక్కలకీ పిల్లులకీ ఇచ్చేదే ఆ బలంలో దొరుకుతుంది. ఇక్కడి నుంచి తీసుకెళ్ళిన ఎర్ర మూత సిరంజిలను అక్కడ కొన్న మందుకు వాడకూడదు. ఇంకో మాట: ఇన్సులిన్ పెన్ను కార్ట్రిడ్జ్‌లో (పెన్ను లోపలి మందు గొట్టంలో) మిగిలింది కదా అని సిరంజితో లాగి వాడొద్దు.

గీతలు లెక్కపెట్టడంలోనూ ఒక చిక్కుంది. ఒక మిల్లీలీటరు నారింజ మూత సిరంజిలో ఒక్కో చిన్న గీత 2 యూనిట్లు. 40 సిరంజిలో ఒక్కో గీత ఒక యూనిట్. 100 మందులో 7, 11 లాంటి బేసి డోసులుంటే అర మిల్లీలీటరు సిరంజి తెచ్చుకోండి. అందులో ఒక గీతకు ఒక యూనిటే.

ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ, ఎందుకో అంతుబట్టదు

సీసా, సిరంజి సరిపోయాయంటే ఇక అనుమానించాల్సింది చర్మం కింద గడ్డలను. పదే పదే ఒకేచోట సూది వేస్తే ఇన్సులిన్ ప్రభావానికి అక్కడి కొవ్వు మందంగా, రబ్బరులా తయారవుతుంది. అలాంటి చోట వేసిన మందు ఒకసారి ఆలస్యంగా, ఒకసారి తక్కువగా రక్తంలో కలుస్తుంది. వాడిన సూదినే మళ్ళీ మళ్ళీ వాడితే ఈ గడ్డలు ఇంకా ఎక్కువవుతాయి.

చాలామందికి గడ్డ ఉన్నట్టే తెలియదు. అక్కడ సూది దిగినా నొప్పి ఉండదు, అందుకే చెయ్యి తనంతట తానే అక్కడికి పోతుంది. బొడ్డుకు రెండు పక్కలా చెరో గుప్పెడంత చోటు తప్ప మరెక్కడా వేసుకోనివారు కోకొల్లలు.

కంటికి కనిపించని గడ్డ వేళ్ళకు దొరుకుతుంది. స్నానంలో పొట్టకు సబ్బు రాసుకున్నాక, వేళ్ళ కొసలతో మెల్లగా నొక్కుతూ ఒక పక్క నుంచి మరో పక్కకు జరపండి. మామూలు చోట వేళ్ళు జారిపోతాయి, గడ్డ ఉన్నచోట ఏదో అడ్డు తగిలినట్టుంటుంది. తర్వాత రెండు వేళ్ళతో చర్మం పట్టి చూడండి. మంచి చోట మడత పలచగా వస్తుంది. గడ్డ మీద దళసరిగా వస్తుంది, లేదా అసలు చేతికి రాదు. తొడలకూ చేతులకూ ఇదే పరీక్ష. దొరికిన గడ్డ చుట్టూ రాసే పెన్నుతో గీత గీసి డాక్టరుకు చూపించండి.

దీనికి మందు లేదు. ఆ చోటును వదిలెయ్యడమే, తగ్గడానికి నెలలు పట్టొచ్చు. అయితే గడ్డ మీద వేస్తున్న డోసునే మంచి చర్మంలో వేస్తే మందు పూర్తిగా పట్టి షుగర్ పడిపోవచ్చు. కాబట్టి చోటు మార్చే రోజే డోసు ఎంత తగ్గించాలో డాక్టరును అడగాలి, మొదటి కొన్ని రోజులు షుగర్ ఎక్కువసార్లు చూసుకోవాలి.

ఇక గడ్డలు మళ్ళీ కట్టకుండా: పొట్టను బొడ్డు మధ్యగా నాలుగు భాగాలనుకోండి. వారానికొక భాగం. ఆ భాగంలోనూ నిన్న వేసిన చోటికి ఒక వేలు వెడల్పు దూరంలో ఈరోజు. బొడ్డు చుట్టూ రెండు వేళ్ళ మేర వదిలెయ్యాలి. తొడల్లో పైభాగం ముందువైపు, బయటివైపు. పిరుదుల్లో పైన బయటివైపు. భుజానికీ మోచేతికీ మధ్య చెయ్యి వెనకభాగం కూడా పనికొస్తుంది. కానీ ఈరోజు ఉదయం పొట్ట, రేపు ఉదయం తొడ అని కలగాపులగం చెయ్యొద్దు. మామూలు ఇన్సులిన్ పొట్టలో త్వరగా, తొడలో నెమ్మదిగా పడుతుంది. ఏ పూట డోసుకు ఏ అవయవమో ఖాయం చేసుకుని, దాని లోపలే చోటు మార్చుకుంటూ పోవాలి.

పెన్ను సూది తీశాక చుక్కలు కారుతున్నాయి, లేదా మందు దిగినట్టే లేదు

చుక్కలు కారడానికి తొందరే ముఖ్య కారణం. బటన్ సున్నాకు చేరాక కూడా మందు ఇంకా వస్తూనే ఉంటుంది. బొటనవేలు తియ్యకుండా మనసులో పది లెక్కపెట్టి అప్పుడు సూది బయటికి లాగాలి. రెండో కారణం, సూదిని పెన్నుకే ఉంచెయ్యడం. వేడికి మందు బయటికి కారుతుంది, చల్లబడినప్పుడు గాలి లోపలికి చొరబడుతుంది. కార్ట్రిడ్జ్‌లో బుడగ ఉంటే మందు మెల్లగా దిగుతుంది. వేసుకోవడం అయ్యాక ప్రతిసారీ పెన్ను నుంచి సూది తీసెయ్యండి.

ప్రతిసారీ వేసుకునే ముందు 2 యూనిట్లు తిప్పి, సూది పైకి పెట్టి నొక్కి చూడాలి. చుక్క కనబడితేనే డోసు పెట్టుకోవాలి. రాకపోతే మళ్ళీ 2. అప్పటికీ రాకపోతే సూది మార్చండి, పాత సూదిలో మందు గడ్డకట్టి ఉండొచ్చు. కొత్తగా పెన్ను పట్టినవారు చేసే పొరపాటు ఇంకొకటుంది: సూదికి పెద్ద మూత ఒకటి, దాని లోపల సన్నటి మూత ఇంకొకటి. రెండోది తియ్యకుండానే నొక్కితే పెన్ను చప్పుడు చేస్తుంది, అంకె సున్నాకు వస్తుంది, ఒంట్లోకి చుక్క కూడా పోదు.

తెల్లటి ఇన్సులిన్ వాడేవారికి సీసా మొదట్లో ఒకలా, చివర్లో ఒకలా

30/70 లాంటి తెల్లటి మందులో అడుగున మడ్డి పేరుకుంటుంది. కలపకుండా వాడితే పైన నీళ్ళలాంటి మందు, కింద చిక్కటి మందు వస్తాయి. సీసానైనా పెన్నునైనా అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేసి తిప్పాలి. పాలలా ఒకే రంగుకు రావాలి. గట్టిగా కుదిపితే నురగ, బుడగలు వస్తాయి. ఎంత కలిపినా ముక్కలు తేలుతున్నా, గాజుకు పొరలా అంటుకున్నా పారెయ్యండి. తేటగా ఉండాల్సిన మందు మబ్బుగా కనిపించినా అంతే.

వేసుకున్న కాసేపటికే కళ్ళు తిరుగుతున్నాయి, చెమటలు పడుతున్నాయి

షుగర్ చూడండి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి, 15 నిమిషాలకు మళ్ళీ చూడాలి, పెరగకపోతే మళ్ళీ తాగాలి. గ్లూకోమీటరు చేతిలో లేకపోతే దానికోసం ఆగకుండా తాగెయ్యాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పొయ్యకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి.

ఇది మాటిమాటికీ వస్తుంటే, భోజనం ఆలస్యం కావడం కాకుండా, సూది కండలోకి దిగుతోందేమో చూడాలి. కండలో మందు చాలా త్వరగా పడుతుంది. తొడకు వేసుకుని వెంటనే పొలం పనికో నడకకో వెళ్తే ఇంకా త్వరగా. 4 మిల్లీమీటర్ల పెన్ను సూది అయితే పెద్దవాళ్ళు లావైనా సన్నమైనా నిటారుగా గుచ్చితే చాలు, మరీ బక్కపలచనివారూ చిన్నపిల్లలూ మాత్రం చర్మం పట్టుకోవాలి. 6 మిల్లీమీటర్ల సిరంజి సూదికి చర్మం మడతపట్టి, 8 అయితే మడతపట్టి ఏటవాలుగా వెయ్యాలి. మడత బొటనవేలు, చూపుడువేలుతోనే. పిడికిలితో పట్టుకుంటే కండ కూడా లేస్తుంది. సూది బయటికి వచ్చాకే మడత వదలాలి.

నొప్పి, నెత్తురు చుక్క, కమిలిన మచ్చ

ఫ్రిజ్‌లోంచి తీసిన మందును వెంటనే వేస్తే మండుతుంది. గది వేడి 30 డిగ్రీలు దాటని రోజుల్లో వాడుతున్న సీసాను బయటే ఉంచుకోండి. స్పిరిట్ తడి ఆరకముందే గుచ్చినా మండుతుంది, సబ్బునీళ్ళతో శుభ్రంగా ఉన్న చర్మానికి స్పిరిట్ అక్కర్లేదు కూడా. నెత్తురు వస్తే కాసేపు నొక్కిపట్టండి, రుద్దొద్దు. చుక్క నెత్తురు వచ్చినంత మాత్రాన మళ్ళీ డోసు వేసుకోకూడదు.

రోజూ నొప్పి పెడుతుంటే సూది మొద్దుబారింది. దాన్ని ఒక్కసారి వాడి పారెయ్యడానికే చేస్తారు. ఖర్చుకు వెనకాడి రెండోసారి వాడేవారు ఉన్నారు. వారైనా సూదిని స్పిరిట్‌తో తుడవకూడదు, పైనున్న నున్నటి సిలికాన్ పూత పోతుంది. పెన్నును మాత్రం సూది మార్చినా సరే ఇంకొకరికి ఇవ్వకూడదు. భార్యాభర్తలైనా అంతే, కార్ట్రిడ్జ్‌లోకి నెత్తురు వెనక్కి చేరొచ్చు.

ఎండాకాలం రాగానే మందు పనిచెయ్యడం మానేసింది

తెరవని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఐసు గదిలో, దానికి ఆనుకుని పెట్టొద్దు. గడ్డకట్టిన మందు కరిగాక మామూలుగానే కనిపించినా పనికిరాదు. తెరిచిన సీసా 30 డిగ్రీల లోపు అయితే చాలా రకాలకు నాలుగు వారాలు, కచ్చితమైన గడువు కాగితం మీద ఉంటుంది. తెరిచిన తేదీ సీసా మీదే రాసుకోండి. మన మే నెలలో గది వేడే 35 దాటుతుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో పెద్ద మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్నకుండ పెట్టి, మందును నీళ్ళు చొరబడని డబ్బాలో ఉంచి అందులో పెట్టండి. ఇసుకను రోజుకు రెండు పూటలా తడపాలి. బండి డిక్కీలో, ఆపిన కారులో మందు వదిలెయ్యొద్దు. విమానంలో చేతిసంచీలోనే.

వాడిన సూదులు

వాటిని చెత్తబుట్టలో ఊరికే పడేస్తే గుచ్చుకునేది చెత్త ఎత్తే మనిషికి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు వాడిన సూదులను, సిరంజిలను ఇంటి ప్రమాదకర చెత్త కింద చేర్చాయి. బట్టలుతికే లిక్విడ్ సబ్బు వచ్చే దళసరి ప్లాస్టిక్ డబ్బా ఇందుకు బాగా సరిపోతుంది. పలచటి నీళ్ళ సీసాలోంచి సూది పొడుచుకొస్తుంది. ముప్పాతిక నిండగానే మూత బిగించి, చుట్టూ టేపు వేసి, మీద "సూదులు" అని పెద్ద అక్షరాలతో రాసి, తడి, పొడి చెత్తల్లో కలపకుండా విడిగా ఇవ్వండి. తీసుకునే ఆసుపత్రి దగ్గర్లో ఉంటే అక్కడ ఇవ్వడం ఇంకా మేలు.