పింగాణి పాఠాలు – 4: మూత పట్టని కూజా

పోయిన పాఠంలో కూజా బొమ్మ గీయమన్నాను. సిరోంచ దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే తీరును నడుము చుట్టూ చూపించాలన్నది మన ఆలోచన. చాలామంది పడవ, గుడి, కొండ, సూర్యుడు అన్నీ ఎక్కించారు. గుప్పెట్లో పట్టే కూజా మీద అంత సంతకు చోటు లేదు. కలిసిపోయే రెండు గీతలు ఉంచి మిగతావి చెరిపేయండి.

ఇప్పుడు ఆ బొమ్మను అచ్చులోకి దించాలి. ముందు బల్లార్‌పూర్‌లో నా షెడ్డులో జరిగిన తప్పు చెబుతాను. కాలిన తర్వాత కూజా ఎత్తు 100 మిల్లీమీటర్లు ఉండాలి. నేను వాడే మట్టి 12 శాతం తగ్గుతుంది. వందకు పన్నెండు కలిపి 112 మిల్లీమీటర్ల నమూనా చేశాను. మూతి కొలత కూడా అదే లెక్క. మూతను మాత్రం ఒక మిత్రుడికి అప్పగించాను. బట్టీ చల్లారాక కూజా 98.5 వచ్చింది. మిల్లీమీటరున్నరే కదా అనుకుంటూ మూత పెట్టబోతే అది లోపలికి దిగలేదు. మిత్రుడు లెక్క సరిగ్గా వేశాడు!

పన్నెండు శాతం తగ్గేది పచ్చి మట్టి కొలతలోంచి, కాలిన కొలతలోంచి కాదు. కాబట్టి కలపకూడదు, భాగించాలి. 100ని 0.88తో భాగిస్తే 113.6. నమూనా ఎత్తు అది.

మీ మట్టి ఎంత తగ్గుతుందో నన్ను అడగకండి, మట్టినే అడగండి. రెండు వేళ్ల వెడల్పు పట్టీ చేసి, పచ్చిగా ఉన్నప్పుడే సూదితో సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత గీయండి. వంగకుండా నెమ్మదిగా ఆరబెట్టి, అసలు సరుకును కాల్చే వేడికే కాల్చండి. గీత 88కి వస్తే తగ్గుదల 12 శాతం. మూడు పట్టీలు చేసి సగటు తీసుకోండి.

లోపల పట్టే నీళ్ల లెక్క ఇంకా మోసం చేస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి 0.88ని మూడుసార్లు గుణించాలి. 0.68 వస్తుంది. అంటే దాదాపు మూడో వంతు మాయం. 200 మిల్లీలీటర్లు పట్టాలంటే పచ్చి కూజా లోపల సుమారు 294 పట్టాలి.

మా వీధి చివరి కుమ్మరి ఈ గుణకారాలు వినగానే నవ్వాడు. సారె మీద ఆయన కన్నే కొలబద్ద. ఒక కుండ మరో కుండలా లేకపోయినా నీళ్లు తాగేవాడు అడగడు. దాచుకోవడానికి కొనేవాడు అడుగుతాడు. పన్నెండో కూజాను ముప్పై ఏడో కూజా పక్కన పెట్టి చూస్తాడు.

ఆ పోలిక కోసమే ప్లాస్టర్ అచ్చు. నమూనాకు మెత్తని సబ్బు పూయండి, లేకపోతే ప్లాస్టర్ వదలదు. సగం వరకు మట్టిలో పాతి, పై సగం మీద ప్లాస్టర్ పోయండి. గట్టిపడ్డాక అంచున మూడు గుంటలు తొలిచి, వాటికీ సబ్బు రాసి రెండో సగం పోస్తే, రెండు ముక్కలూ ప్రతిసారీ ఒకే చోట కూర్చుంటాయి. పిడిని విడిగా చేసి మట్టి జావతో అతికించండి. అచ్చు లాగేటప్పుడు ఇరుక్కునే వంపు ఎక్కడున్నా అది కూజాను చీలుస్తుంది.

అచ్చులో పలచని మట్టి జావ నింపితే ప్లాస్టర్ నీటిని పీల్చుకుంటుంది, గోడకు మట్టి పేరుకుంటుంది. కావలసిన మందం రాగానే మిగిలింది వంచేయాలి. పోసిన ప్రతిసారీ అచ్చు కొద్దిగా అరుగుతుంది. ముందు మొద్దుబారేది మన నదుల గీతలే. ఇంగ్లండులోని స్టోక్-ఆన్-ట్రెంట్‌లో అసలు అచ్చును రోజువారీ పోతకు వాడరు. దాని నుంచి తీసిన పని అచ్చులు అరిగితే పారేసి కొత్తవి తీస్తారు. మనమూ అంతే.

అడుగున వేసే గుర్తు కూడా ఇప్పుడే నిర్ణయించుకోండి. ఇంగ్లండు పింగాణి సంస్థ రాయల్ డౌల్టన్ చేసిన బొమ్మల మీద 1913 నుంచి కనిపించే హెచ్‌ఎన్ అక్షరాలు అక్కడ రంగుల విభాగం చూసిన హారీ నిక్సన్ పేరులోవి. మన కూజాకు వరుస సంఖ్య, మొత్తం సంఖ్య చాలు: 3/50. యాభై అని రాశాక యాభై ఒకటోది పోయకూడదు, అచ్చు ఎంత బాగున్నా సరే.

వచ్చే పాఠానికి మూడు పట్టీలూ కాల్చి ఉంచండి. పగిలిన పట్టీని పారేయకండి, దానితో పని ఉంది.