చేపను చదవడం – 4వ పాఠం: మోరే ఈల్ నోరు

పోయిన పాఠంలో హైదరాబాద్ రామ్‌నగర్ చేపల మార్కెట్‌కు వెళ్లి బొమ్మిడాయిని చూసి రమ్మన్నాను. పొడుగు చూసి దాన్ని ఈల్, అంటే పాములాంటి చేప, అనుకుంటాం కానీ, చెంపల వెనక దానికి రెండు చిన్న రెక్కలుంటాయి. సముద్రంలో ఉండే మోరే ఈల్‌కు అవి లేవు, పొట్ట కింద రెక్కలూ లేవు, పొలుసులూ లేవు. ఒళ్లంతా జిగురే.

ఈ వారం నోరు చూద్దాం. మన ఊళ్లో సముద్రం లేదు, కాబట్టి ఉప్పునీటి తొట్టి ఉన్న అక్వేరియం దుకాణం వెతుక్కోండి. నేను చూసినది స్నోఫ్లేక్ ఈల్, మోరేల్లో ఒక రకం. తెల్లటి ఒంటి మీద నల్లటి మచ్చలు, వాటి మధ్య పసుపు చుక్కలు. రాతి సందులోంచి తల మాత్రమే బయటపెట్టి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. పక్కనున్న పాప "కరుస్తుందమ్మా!" అని వెనక్కి జరిగింది. మొదట్లో నేనూ నోట్‌బుక్కులో "కోపంగా ఉంది" అని రాశాను. అది తప్పు. తల వెనక పక్కగా ఒక చిన్న గుండ్రటి రంధ్రం కనిపిస్తుంది, అదే మొప్పల ద్వారం. నోట్లోకి తీసుకున్న నీరు మొప్పల మీదుగా వెళ్లి అక్కడినుంచి బయటికొస్తుంది. అంటే అది ఊపిరి తీసుకుంటోంది. మీరు చూసింది రాయండి, దాని మనసులో ఏముందో రాయకండి.

ఇక తిండి సంగతి. కొరమీను నోరు చటుక్కున తెరిచి, నీటితో సహా ఎరను లోపలికి లాగేసుకుంటుంది. ఇరుకు సందులో తల దూర్చి వేటాడే మోరేకు నోరు అంతలా విప్పే చోటు ఉండదు. అందుకే దాని గొంతులో రెండో దవడల జత ఉంది. ముందు పళ్లు ఎరను పట్టుకోగానే ఆ దవడలు ముందుకొచ్చి, కరిచి, లోపలికి లాక్కెళ్తాయి. 2007లో రీటా మెహతా, పీటర్ వెయిన్‌రైట్ అనే శాస్త్రవేత్తలు దీన్ని హైస్పీడ్ కెమెరాతో చూపించారు. నాకు ఈ చేప మీద ప్రేమ పుట్టింది అక్కడే. ఎర పెద్దదైతే తోకతో ముడి వేసుకుని, ఆ ముడిని తల వైపు జరుపుతూ ముక్క పీకుతుంది.

అభ్యాసం: అద్దం తట్టకుండా కూర్చుని, నిమిషానికి ఎన్నిసార్లు నోరు తెరిచిందో మూడుసార్లు లెక్కపెట్టండి. మేత వేసే వేళ తెలుసుకుని, ముక్క నీళ్లలో పడ్డాక మళ్లీ లెక్కించండి. దాని చూపు అంతంతమాత్రం, వాసన మీదే ఆధారపడుతుంది. కాబట్టి ముక్క పడిన క్షణం నుంచి తల కదిలేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో కూడా పక్కనే రాసుకోండి.