గుంటూరు నుంచి అమెరికా వెళ్తున్నవాళ్లకి: ముఖాల సంగతి ఎవరూ చెప్పరు

సెలవుకి గుంటూరు వచ్చాను. బ్రాడీపేటలో ఎవర్ని కదిపినా ఆగస్టులో ప్రయాణమంటున్నారు. సిమ్ కార్డు, బ్యాంకు అకౌంటు గురించి మీ సీనియర్లు చెప్పేసే ఉంటారు, అవి వదిలేస్తున్నా. నేను చెప్పేది, అక్కడివాళ్ల ముఖాలు మొదట్లో మనకి ఒకేలా కనిపించే తంటా గురించి.

కిందటేడు ఇక్కణ్నుంచి వచ్చిన కుర్రాడొకడు, తన మేనేజరే అనుకుని వేరే టీమాయనకి వారం పనంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇద్దరికీ గోధుమరంగు గడ్డం, ఇద్దరిదీ నీలం చొక్కా. ఆయన ఓపిగ్గా చివరిదాకా విని, "మీకు కావాల్సింది నేను కాదేమో" అన్నాడట. నా మొదటి నెలలూ అంతే. ఎవర్ని పలకరించాలన్నా టెన్షన్, రాత్రి గదికొచ్చాక నా బుర్రకేమైందని బెంగ.

ఏమీ కాలేదు తమ్ముడూ. బెజవాడ బీసెంట్ రోడ్డులో దసరా రద్దీలో కూడా చిన్నప్పటి క్లాస్‌మేట్‌ని ఇట్టే పట్టేసే బుర్రే అది. కాకపోతే మన ముఖాలతోనే తర్ఫీదైంది. మూణ్ణెల్ల పసిపిల్లలు ఏ జాతివాళ్ల ముఖాల్లోనైనా తేడా పట్టగలరు. తొమ్మిదో నెలకల్లా ఆ నేర్పు రోజూ చూసే రకం ముఖాలకే పరిమితమవుతుంది. ఆరు నెలల పిల్లలైతే కోతుల ముఖాలనూ విడివిడిగా గుర్తించారని 2002లో తేలింది! మెదడు అడుగున, ఎక్కువగా కుడివైపు, ముఖాలకు గట్టిగా స్పందించే చోటుంది. 1997లో దానికి ఫ్యూజిఫార్మ్ ఫేస్ ఏరియా అని పేరు పెట్టారు. పిల్లల్లో చిన్నగా ఉండి, పెద్దయ్యేకొద్దీ పెరుగుతుంది. మీది పెరిగిందంతా గుంటూరులోనే.

అందుకని జుట్టునీ కళ్లద్దాల్నీ నమ్ముకోకండి. సోమవారం ఆవిడ జుట్టుకి రంగు మార్చిందంటే మీ పని అయిపోయినట్టే. కళ్లు, కనుబొమలు, ముక్కు చూడండి, పేరుతో కలిపి గుర్తుపెట్టుకోండి. మన నలుగురితోనే లంచ్ చేస్తూ "అందరూ ఒకేలా ఉన్నార్రా" అని జోకులేస్తే ఎలా వస్తుంది?

పిల్లలతో వెళ్లేవాళ్లకి ఈ బాధ తక్కువ. మూడు నుంచి తొమ్మిదేళ్ల వయసులో దత్తత వెళ్లి యూరప్‌లో పెరిగిన కొరియావాళ్లు, పెద్దయ్యాక యూరప్ ముఖాలనే బాగా గుర్తుపట్టారు. పార్కులో ఎవరి అమ్మ ఎవరో మీవాణ్నే అడగండి, సిగ్గెందుకు.

సరే, మరీ హడలిపోకండి. వాళ్లకీ మనం ఒకేలా కనిపిస్తాం. మా ఫ్లోర్‌లో నన్నింకా ఇంకో తెలుగాయన పేరుతో పిలిచేవాళ్లున్నారు, నేనూ పలికేస్తుంటాను. కొత్త ముఖాలు గుర్తుపెట్టుకునే శక్తి ముప్ఫై దాటాకే పూర్తిగా పండుతుందని 2011లో వచ్చిన పరిశోధన. మీకింకా పాతికైనా నిండలేదు కదా.